ముప్పై ఒకటో ప్రశ్నకు జవాబు

ఆబాన్ 9, మంగళవారం

ఇక్కడి లెక్కలో ఇది అక్టోబరు ఆఖరి రోజు. నా లెక్క నాది, ఇరాన్ నెలల లెక్క. దేశం వదిలి వచ్చినవాళ్ళు నెలల పేర్లు కూడా వదిలి రావాలని ఏ చట్టంలోనూ లేదు.

మంగళవారం కనుక వలస కార్యాలయానికి వెళ్ళి వేలిముద్ర వేశాను. నేను ఈ ఊరి పొలిమేర దాటలేదని, పారిపోలేదని, ఇంకా బతికే ఉన్నానని వారానికొకసారి నా బొటనవేలు టర్కీ ప్రభుత్వానికి సాక్ష్యం చెప్పాలి. కెర్మాన్‌షా బాలికల పాఠశాలలో ముప్పై మూడేళ్ళు సుద్దముక్క పట్టి రసాయనశాస్త్రం చెప్పిన వేలు అది.

ముద్ర వేసి చెయ్యి తుడుచుకుంటూ ఉండగా కిటికీ వెనక గుమాస్తా, "ఆగు పిన్నీ, నీకో కాగితం ఉంది" అన్నాడు. నేను అతనికి పిన్నిని కాను. మా అక్కకు అంత మర్యాద తెలియని కొడుకు ఉండే అవకాశమూ లేదు. కాగితాన్ని నిలబెట్టే ఇచ్చారు, నిలబెట్టే సంతకం తీసుకున్నారు. బయట మెట్ల మీద, ఈదురుగాలిలో, కళ్ళజోడు మార్చుకుని చదువుకున్నాను. నా టర్కీ భాష సంతలో బేరానికి చాలదు గాని, ఈ కాగితానికి చాలింది.

ఆశ్రయం కోసం నేను పెట్టుకున్న అర్జీని తిరస్కరించారు. నన్ను ఇరాన్‌కు తిప్పి పంపాలని నిర్ణయించారు. కోర్టుకు వెళ్ళదలిస్తే ఏడు రోజుల గడువు.

ఇరాన్‌లో నాకు ఏడేళ్ళ జైలుశిక్ష కాచుకుని ఉంది. నా వయస్సు డెబ్భై ఒకటి. ఈ రెండు అంకెలనూ కూడడానికి రసాయనశాస్త్రం కూడా అక్కరలేదు.

వాళ్ళు చూపిన కారణం ఇది. వేసవిలో నన్ను నాలుగు గంటలు కూర్చోబెట్టి విచారించారు కదా, ఆ నివేదికలో ముప్పై ఒకటో ప్రశ్న: "మా దేశపు రక్షణ మీకు కావాలా?" జవాబు: "వద్దు. మీకు శ్రమ ఇవ్వడం నాకు ఇష్టం లేదు. నా దారి నేను చూసుకుంటాను." కనుక అర్జీదారు తనకు రక్షణ అవసరం లేదని స్వయంగా ఒప్పుకున్నదని తేల్చారు.

నేను ఆ మాట అనలేదు.

ఆబాన్ 10

నేను ఆ మాట అనలేదు. ఆ విచారణలో దుబాసీగా కూర్చున్న యాషార్ తప్పుగా చెప్పాడు. అతనూ ఇరానీయే, కాని తబ్రీజు మనిషి, ఇంట్లో మాట్లాడేది అజరీ భాష. పార్సీ అతనికి బడిలో నేర్చుకున్న భాష. ఇంతకన్న వివరణ ఏం కావాలి?

ఆబాన్ 11, గురువారం

న్యాయవాదుల సంఘంవారు నాకొక లాయరును కేటాయించారు. ఉచితంగా. ఆ మాటను వాళ్ళు చెప్పిన తీరు నాకు నచ్చలేదు. ఆమె పేరు బిర్జాన్. నలభై దాటి ఉంటాయి. పప్పులు వేయించి అమ్మే కొట్టు పై అంతస్తులో కార్యాలయం. కిటికీ దగ్గర నిలబడి పొగ బయటికి వదులుతూ నా నివేదికను వేగంగా తిరగేసింది. నా వచ్చీరాని టర్కీకి అందేలా ఆగి ఆగి మాట్లాడుతుంది. నన్ను "హోజామ్" అని పిలుస్తుంది. ఇక్కడ ఉపాధ్యాయులను అలా పిలుస్తారు. ఈ దేశంలో నాకు దక్కిన మొదటి సరైన సంబోధన అది.

"ఇది మీరన్నారా హోజామ్?"

"లేదు."

"కోపం తెచ్చుకోకుండా ఒకసారి ఆలోచించి చెప్పండి. ఈ మాట మీ నోటి నుంచి వచ్చిందా, రాలేదా?"

రాలేదని చెప్పాను. నా గొంతు కొంచెం పెరిగింది. గదిలో కాఫీ కాస్తున్న ఆమె సహాయకురాలు వెనక్కి తిరిగి చూసింది.

"అయితే మన పని సులువు" అంది బిర్జాన్. "దుబాసీ తప్పు చేశాడు. జడ్జీలకి గబుక్కున అర్థమయ్యేది అదే. ముప్పై ప్రశ్నలకి ఒకలా జవాబు చెప్పిన మనిషి ముప్పై ఒకటో దానికి తలకిందులుగా చెప్పడమేంటి? తప్పు మధ్యలో ఉన్నవాడిది. అంతే."

అంతే. పిటిషన్ మీద సంతకం చేశాను. చదివి వినిపించమంటారా అని అడిగింది. ఈసారి వినిపించమన్నాను.

ఇంటికి వచ్చాక సూదాబేకు చెప్పాను. సూదాబే కూడా ఇరానీయే, ఆబాదాన్ మనిషి, మంగలి దుకాణంలో ఆడవాళ్ళ జుట్టు కత్తిరిస్తుంది. ఈ రెండు గదుల ఇంటిని, ఒక బొగ్గు పొయ్యిని ఇద్దరం పంచుకుంటున్నాం. ఆమె ఫైలును ఆ కార్యాలయంవారు ఇంకా తెరవనే లేదు. పొయ్యిలో బొగ్గు కెలుకుతూ, "మిమ్మల్ని వెనక్కి పంపితే ఆ జైలు వార్డెన్ గతి ఏంటో అని నా దిగులు ఖానుం జాన్. రోజూ నిలబెట్టి మార్కులేస్తారు" అంది. నవ్వలేదు నేను. ఆమె కూడా ఎక్కువసేపు నవ్వలేకపోయింది.

ఆబాన్ 15

పిటిషన్ దాఖలు అయింది. కోర్టు తీర్పు చెప్పేవరకు నన్ను పంపకూడదట.

నేను చేసిన నేరమేమిటో ఎవరికైనా వివరించవలసి రావడమే నాకు అవమానంగా ఉంది. నిరుడు మెహర్ నెలలో నిరసనకు వీధుల్లోకి వెళ్ళిన ఆడపిల్లల ఒళ్ళలో పోలీసుల తుపాకీ ఛర్రాలు దిగాయి. ఆసుపత్రికి వెళ్తే అక్కడే పట్టుకుంటున్నారు. వాళ్ళు నా పాత విద్యార్థినుల కూతుళ్ళు. నా ముందు గదిలో దుప్పటి పరిచి పడుకోబెట్టాను. నా స్నేహితురాలు బద్రీ, రిటైరైన నర్సు, కనుబొమలు తీర్చుకునే చిన్న పట్టకారుతో ఒక్కొక్కటే బయటికి తీసింది. నేను దీపం పట్టుకున్నాను, అయొడిన్ కలిపాను. ఒక పిల్ల నొప్పికి ఓర్చుకోవడానికి మూలకాల పట్టికను మొదటి నుంచి అప్పజెప్పింది. పొటాషియం దగ్గర ఆగిపోతే నేనే అందించాను.

బద్రీని నిరుడు ఆజర్ నెలలో పోలీసులు తీసుకువెళ్ళారు. ఆ మరుసటి ఉదయం నేను చేతిసంచితో బస్సెక్కాను. బద్రీ ఇప్పటికీ జైలులో ఉంది. నా శిక్షను నేను లేకుండానే ఖరారు చేశారు. ఆ తీర్పు కాగితాన్ని నా పాత విద్యార్థిని ఒకామె ఫోటో తీసి పంపితే, దాన్ని ఇక్కడి కార్యాలయానికి ఇచ్చాను. "స్పష్టంగా లేని ఛాయాచిత్రం" అని పేరు రాసి ఫైలులో పడేశారు. ఒకరైనా చదివినట్టు లేదు. చదవకుండానే అస్పష్టమని ఎలా తెలిసిందో.

ఆబాన్ 24

నిన్నటి వేలిముద్ర దగ్గర కొత్త గుమాస్తా. "రా అమ్మమ్మా" అన్నాడు. పిన్ని నుంచి పదోన్నతి.

ఆజర్ 3, శుక్రవారం

సూదాబే మంగలి దుకాణం నుంచి వార్త తెచ్చింది. యాషార్‌ను పని నుంచి తప్పించారట. మా పిటిషన్ ప్రతి ఒకటి వలస కార్యాలయానికి చేరాక అతని మీద విచారణ పెట్టారట. అతను కూడా మాలాంటివాడే, అర్జీ పెట్టుకుని ఉన్నవాడే. అతని ఫైలు కూడా ఆ కార్యాలయంలోనే ఉంది. ఒక అర్జీదారుకు ద్రోహం చేసిన దుబాసీ అని ఆ ఫైలులో రాసుకుంటే అతని గతి ఏమవుతుందో చెప్పనక్కరలేదు.

నేనేం చేయను? తప్పు చేసినవాడు ఫలితం అనుభవించాలి. నా తరగతిలో ఒక పిల్ల ఆమ్లంలో నీళ్ళు పోస్తే చెయ్యి కాలింది. తప్పు ఆమ్లానిది కాదని నేనే చెప్పాను.

సూదాబే నా ముఖంలోకి చూస్తూ, "ఆ యాషార్ పోయిన నెల నా విచారణ తేదీ కోసం మూడుసార్లు తిరిగాడు ఖానుం జాన్. తప్పు చెప్పే మనిషిలా కనపళ్ళేదు" అంది. కనబడడానికీ చేయడానికీ సంబంధం లేదని జవాబిచ్చాను. ఊరగాయకని సిర్కా పులుపులో వేసిన కాలీఫ్లవర్ జాడీ మూత మళ్ళీ బిగించాను. అది అప్పటికే బిగించి ఉంది.

అన్నట్టు, వేసవిలో ఆ విచారణ చేసిన అధికారి మర్యాద తెలిసిన యువకుడు. నాకు టీ ఇవ్వబోయాడు. వద్దన్నాను. మళ్ళీ అడిగాడు. వద్దన్నాను. మూడోసారి గ్లాసు నా ముందు పెట్టి, "మీరు తాగకపోతే నేనూ తాగను" అన్నాడు. అప్పుడు తీసుకున్నాను. ఇరానీ తల్లి కన్న కొడుకులా ఉన్నాడే అనుకున్నాను. ఇది ఇక్కడ ఎందుకు రాస్తున్నానో తెలియదు. ఈ విషయానికీ యాషార్ తప్పుకూ సంబంధం లేదు.

ఆజర్ 8, బుధవారం

యాషార్ వచ్చాడు.

మధ్యాహ్నం తలుపు తడితే సూదాబే తీసింది. గడపకు అవతల నిలబడి బూట్లు విప్పబోతూ ఆగాడు. చేతిలో మిఠాయి పెట్టె. యాభై అయిదేళ్ళు ఉంటాయి. తబ్రీజులో బ్యాంకు ఉద్యోగి అని విన్నాను. కోటు భుజాలు వదులయ్యాయి.

లోపలికి దయచేయమన్నాను. మీకు శ్రమ ఇవ్వను, ఇలా పలకరించి పోదామని వచ్చానన్నాడు. శ్రమ ఏమిటి, మీ అడుగు నా కళ్ళ మీద అన్నాను. మీ నీడ మా మీద చల్లగా ఉండాలి, ఇక్కడే బాగుందన్నాడు. మూడోసారి పిలిచాక లోపలికి వచ్చాడు. మిఠాయి పెట్టె ఎందుకు తెచ్చారన్నాను. మీ ముందు ఇదొక వస్తువా అన్నాడు. టీ వద్దన్నాడు. తెచ్చాక తాగాడు. నా మోకాళ్ళ గురించి అడిగాడు. అతని భార్య ఆరోగ్యం అడిగాను. ఈ ఏడు మంచు తొందరగా పడుతుందని ఇద్దరం ఒప్పుకున్నాం. నా విద్యార్థినులు అదృష్టవంతులన్నాడు. తబ్రీజు మనుషుల మాట నిలకడ గురించి నేను రెండు వాక్యాలు చెప్పాను. చెప్పాక నా చెవులు వేడెక్కాయి.

గంట గడిచింది. అతను ఎందుకు వచ్చాడో నాకు తెలుసు. నాకు తెలుసని అతనికీ తెలుసు. ఇద్దరం ఆ మాట చుట్టూ నేల తుడిచినట్టు తిరిగాం గాని, ఎవరూ దాని మీద అడుగు వేయలేదు.

లేచేటప్పుడు మాత్రం, బూట్ల తాడు కట్టుకుంటూ, తల ఎత్తకుండా, "ఆ రోజు నేను మీ వైపు చూశాను ఖానుం" అన్నాడు. వెంటనే, "మీ చేతి టీ చాలా బాగుంది. మీ చేతులకి నొప్పి తెలియకూడదు" అని వెళ్ళిపోయాడు.

వంటింట్లో నుంచి సూదాబే వచ్చి మిఠాయి పెట్టె తెరిచింది. "ఇద్దరూ కలిసి గంటసేపు ఒకరినొకరు పొగుడుకున్నారు. ఆ మనిషి కడుపు కొట్టిన సంగతి మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు" అంది.

నోరు మూసుకోమన్నాను. ఈ ఇంట్లో నేను ఆమెతో అలా మాట్లాడడం ఇదే మొదలు.

ఆజర్ 9

నేను ఆ మాట అన్నాను.

ఆజర్ 9, సాయంత్రం

మొత్తం రాస్తాను. నా కోసమే రాసుకుంటున్న పుస్తకంలో కూడా అబద్ధం రాసుకున్నానని తేలాక ఇంక దాచడానికి ఏముంది.

నాలుగు గంటలు చెప్పాను. బద్రీ గురించి, పిల్లల గురించి, నా ఇంట్లోకి వచ్చిన వాళ్ళు నా లోదుస్తుల అరలో చేతులు పెట్టి వెతకడం గురించి. ఒక పరాయి యువకుడి ముందు, అతను టైపు చేసుకుంటూ ఉండగా, నా బతుకును వాక్యం తరవాత వాక్యంగా విప్పి పెట్టాను. చివరికి అతను ఫైలు మూశాడు. సగం లేచాడు. చిరునవ్వుతో, "అయితే, మా దేశపు రక్షణ మీకు కావాలా?" అన్నాడు.

యాషార్ దాన్ని సరిగ్గానే పార్సీలో చెప్పాడు.

నేనేమన్నాను? నా జీవితమంతా ఎవరైనా ఏదైనా ఇవ్వబోతే ఏమన్నానో అదే అన్నాను. "వద్దు, మీకు శ్రమ ఇవ్వడం నాకు ఇష్టం లేదు. నా దారి నేను చూసుకుంటాను." దీన్ని మేము తారోఫ్ అంటాం. మొదటిసారి అడిగినప్పుడు పుచ్చుకునే మనిషిని మా ఊళ్ళో మనిషి అనరు. పచారీ కొట్టువాడు డబ్బు వద్దంటాడు, మనం ఇస్తాం, మళ్ళీ వద్దంటాడు, మళ్ళీ ఇస్తాం, అప్పుడు తీసుకుంటాడు. కొనేవాడి గౌరవమూ అమ్మేవాడి గౌరవమూ ఆ మధ్యనే ఉంటాయి. టీ మూడుసార్లు అడిగిన మనిషి రక్షణను ఒక్కసారి అడిగి ఊరుకుంటాడని నేను అనుకోలేదు. అతను మళ్ళీ అడుగుతాడని ఎదురు చూశాను.

అతను అడగలేదు. రాసుకున్నాడు. ధన్యవాదాలు చెప్పాడు.

అప్పుడు యాషార్ నా వైపు చూశాడు. దుబాసీ తన సొంత మాట ఒక్కటీ మాట్లాడకూడదు. అతని చేతిలో ఉన్నది ఆ చూపొక్కటే. ఇంకోసారి నోరు తెరువు తల్లీ అన్నట్టు చూశాడు. నేను చేతిసంచి సర్దుకున్నాను. నివేదిక చదివి వినిపించనా అని అడిగితే అక్కరలేదన్నాను. అన్ని పేజీల మీదా సంతకం చేశాను. నా సంతకం అందంగా ఉంటుంది.

సిగ్గు వేస్తోందా? వేస్తోంది. కాని కోపం అంతకన్న ఎక్కువ. ఒక ముసలిదాన్ని నాలుగు గంటలు గుచ్చి గుచ్చి అడిగి, ఆమె ఏడేళ్ళ జైలు కాగితాన్ని చూడకుండా పక్కన పడేసి, వాకిట్లో వీడ్కోలు పలకరింపులాంటి ఒక్క వాక్యాన్ని పట్టుకుని బతుకు తేల్చేస్తారా? ముప్పై ప్రశ్నలకు నేను చెప్పిన జవాబులు ఎవరికి చెప్పినట్టు?

ఆజర్ 13, సోమవారం

బిర్జాన్ దగ్గరికి వెళ్ళి నిజం చెప్పాను. ఆమె సిగరెట్టు వెలిగించడం మరిచిపోయి అలాగే పట్టుకుని కూర్చుంది.

"మీరిది నాకు చెప్పలేదు. నేను వినలేదు" అంది.

చెప్పాను, విన్నావు అన్నాను.

ఆమె నా ఎదురుగా కుర్చీ లాక్కుని, కోపం అణుచుకుంటూ వివరించింది. పిటిషన్ మొత్తం దుబాసీ తప్పు మీదే నిలబడి ఉంది. ఇప్పుడు మాట మారిస్తే, అర్జీదారు అబద్ధాలకోరు అని కార్యాలయం తరఫు లాయరు ఒక్క వాక్యంతో పని ముగిస్తాడు. మిగతా ముప్పై జవాబులు కూడా దాంతోనే పోతాయి.

"మర్యాద కోసం వద్దన్నాను అంటే సరిపోదా?"

"హోజామ్, నేను కోర్టులో తీర్పు కాపీ పెట్టగలను, డాక్టరు కాగితం పెట్టగలను. మర్యాదని సాక్ష్యంగా ఎలా పెట్టను? దానికి ముద్ర ఎవరు వేస్తారు?"

యాషార్ సంగతి అడిగాను. అతని సంగతి అతని లాయరు చూసుకుంటాడంది. నా సంగతి మాత్రమే చూడడం ఆమె పని అట. వాయిదా ఆజర్ 22న. నన్ను రావద్దంది. తప్పదనుకుంటే వచ్చి మౌనంగా కూర్చోమంది. మెట్లు దిగుతుంటే వెనక నుంచి, "హోజామ్, నా మాట వినండి. జైలుకి వెళ్ళేది మీరు" అంది. ఆ గొంతులో కోపం లేదు.

ఆజర్ 17

మూడు రోజులుగా జాడీలు కడుగుతున్నాను.

యాషార్‌కు పని పోయింది. నాకు ఏడేళ్ళు పోతాయి. ఈ తూకంలో ఎటు మొగ్గుతుందో చిన్నపిల్లకైనా తెలుస్తుంది. కాబట్టి నేను మౌనంగా కూర్చుంటాను. ఇది సహేతుకమైన నిర్ణయం.

ఆజర్ 22, బుధవారం

పొయ్యి రాజేసి, టీ తాగి రాస్తున్నాను.

కోర్టు గది మా ప్రయోగశాలకన్న చిన్నది. ముగ్గురు న్యాయమూర్తులు. మధ్యలో ఒక స్త్రీ, జుట్టు నెరిసింది, రంగు వేయలేదు. ఆమె మీద నాకు అప్పుడే గౌరవం కలిగింది. కోర్టు ఏర్పాటు చేసిన దుబాసీ విశ్వవిద్యాలయంలో పార్సీ చెప్పే యువకుడు. అతని పార్సీ నాలుగు వందల ఏళ్ళ నాటిది. "ఓ మహనీయురాలా, ఆసీనురాలవు కమ్ము" అని నాకు కుర్చీ చూపించాడు.

బిర్జాన్ బాగా మాట్లాడింది. దుబాసీ పార్సీ మాతృభాష కానివాడని, గంటల తరబడి పనిచేసి అలిసిపోయాడని, అజాగ్రత్తపరుడని చెప్పింది. కార్యాలయం తరఫు లాయరు లేచి, ఆ దుబాసీని ఇప్పటికే విధుల నుంచి తొలగించామని, అయినా నివేదిక మీద అర్జీదారు సంతకం ఉందని అన్నాడు. తొలగించామని అంటున్నప్పుడు అతని గొంతులో ఒక తృప్తి వినబడింది. చెత్తబుట్ట ఖాళీ చేసి వచ్చినవాడి గొంతు అది.

నేను లేచి నిలబడ్డాను. సహేతుకమైన నిర్ణయం ఏమయిందో నాకు తెలియదు.

బిర్జాన్ నా కోటు అంచు పట్టి లాగింది. న్యాయమూర్తి మాట్లాడమన్నారు. ఆ దుబాసీ యువకుడు పనికిరాడని, నాకు వచ్చిన టర్కీ భాషలోనే చెప్పాను.

"యాషార్ సరిగ్గానే చెప్పాడు. ఆ మాట నాది."

కార్యాలయం లాయరు ముఖం వెలిగింది. బిర్జాన్ కళ్ళు మూసుకుంది.

ఎందుకు అన్నానో చెప్పాను. టీ గురించి, మూడుసార్ల గురించి, పచారీ కొట్టు గురించి. నా వాక్యాలు వంకర టింకరగా ఉన్నాయి, క్రియలు తప్పాయి. నా విద్యార్థిని అలా మాట్లాడి ఉంటే కూర్చోమనేదాన్ని. ఎడమవైపు న్యాయమూర్తి గడియారం చూసుకున్నాడు. మధ్యలో ఉన్నామె నన్ను ఆపలేదు. అంతా విని, కళ్ళజోడు తీసి, ఇలా అంది.

"హోజామ్, మా అత్తగారింట్లోనూ ఇలాగే. మూడోసారి బతిమాలితేగాని పళ్ళెంలో చెయ్యి పెట్టరు. కాని ఇది కోర్టు. ఇక్కడ ఎవరూ బతిమాలరు. మీకు కావాలా, వద్దా?"

ఇంత చెప్పాక కూడా, దేవుడి సాక్షిగా, నా నాలుక మీదికి మొదట వచ్చిన మాట 'మీకు శ్రమ' అనేదే. దాన్ని మింగాను. మా నాన్న పోయినప్పుడు నేను ఎవరినీ ఏమీ అడగలేదు. నా భర్త నన్ను వదిలి వెళ్ళినప్పుడు అడగలేదు. మోకాలు విరిగినప్పుడు కర్ర కూడా నేనే కొనుక్కున్నాను. ఆ గదిలో ముగ్గురు అపరిచితుల ముందు అన్నాను:

"కావాలి. నాకు మీ రక్షణ కావాలి. నన్ను పంపకండి."

న్యాయమూర్తి కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. విచారణ ముగిసిందన్నారు.

బయట వరండాలో బిర్జాన్, "మీరు ఆ మనిషిని కాపాడారు. మిమ్మల్ని ఎవరు కాపాడాలో నాకు తెలీదు" అని, సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.

ఆజర్ 23

బిర్జాన్ ఫోను ఎత్తడం లేదు. ఆమె కోపం న్యాయమైనదే. నాది కూడా.

ఆజర్ 28

వేలిముద్ర. కాగితం లేదు.

దేయ్ 1

నిన్న యల్దా పండగ, ఏడాదిలో అతి పొడవైన రాత్రి. సూదాబే దానిమ్మ గింజలు ఒలిచి గిన్నె నా ముందు పెట్టింది. వద్దన్నాను. మళ్ళీ అడిగింది. వద్దన్నాను. మూడోసారి అడగకుండా గిన్నె తన ఒళ్ళోకి లాక్కుని తినసాగింది. "కోర్టులో పాఠం చెప్పించుకుని కూడా ఫెయిలయ్యారు ఖానుం జాన్" అంది.

కొంచెంసేపు చూసి, నాకు కావాలన్నాను. ఆమె చెంచా ఇచ్చింది.

దేయ్ 12

వేలిముద్ర. కాగితం లేదు. గది సర్దుకున్నాను. ఎవరైనా వచ్చి లెమ్మంటే వెతుక్కుంటూ నిలబడడం నాకు ఇష్టం లేదు. చేతిసంచిలో రెండు జతల ఉన్ని మేజోళ్ళు పెట్టాను. ఆ జైలులో చలికాలం ఎలా ఉంటుందో బద్రీ చెల్లెలు రాసింది.

దేయ్ 20, బుధవారం

గెలిచాను.

బిర్జాన్ తానే ఫోను చేసింది. నెల రోజుల అలక ఒక్క ముక్కలో తీరిపోయింది. నన్ను పంపాలన్న నిర్ణయాన్ని కోర్టు రద్దు చేసింది. అర్జీని మొదటి నుంచి మళ్ళీ పరిశీలించమని కార్యాలయాన్ని ఆదేశించింది. సూదాబే నన్ను గిరగిరా తిప్పబోయి మోకాళ్ళు గుర్తొచ్చి తానొక్కతే తిరిగింది.

సాయంత్రం తీర్పు ప్రతి తెచ్చుకుని నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. మూడు పేజీలు. అర్జీదారు ఇచ్చిన శిక్ష కాగితాన్ని అనువాదం చేయించలేదు, పరిశీలించలేదు, అందువల్ల నిర్ణయం చెల్లదు. ఇదే కారణం. ఇదొక్కటే. ఆ ఫోటో మొదటి రోజు నుంచి వాళ్ళ ఫైలులోనే ఉంది. ఒక మనిషి అయిదు నిమిషాలు కేటాయించి చదివి ఉంటే ఈ డెబ్భై రోజులు ఎవరికీ అవసరం ఉండేవి కావు.

ముప్పై ఒకటో ప్రశ్న గురించి ఒక్క అక్షరం లేదు. దుబాసీ గురించి లేదు. నేను లేచి చెప్పినదాని గురించి, రెండో పేజీలో, "ఉభయ పక్షాలను విన్నాము" అని ఉంది.

విన్నారట.

యాషార్‌ను ఇంకా పనిలోకి తీసుకోలేదు. తీర్పులో అతని ఊసే లేనప్పుడు ఎందుకు తీసుకుంటారు? అతని ఫైలులో ఇప్పటికీ మా పిటిషన్ ఉంది. అజాగ్రత్తపరుడు. దాని కింద నా అందమైన సంతకం.

దేయ్ 21, గురువారం

ఉదయం బిర్జాన్ దగ్గరికి వెళ్ళాను. విచారణలో నేను చెప్పినది రికార్డులోకి ఎక్కించమని కోర్టుకు అర్జీ పెట్టాలని, దాని ప్రతి ఒకటి వలస కార్యాలయానికి పంపాలని చెప్పాను.

ఆమె నవ్వింది. నేను నవ్వకపోవడం చూసి ఆపేసింది. గెలిచిన కేసును ఎవరైనా కెలుక్కుంటారా అంది. కార్యాలయం నన్ను మళ్ళీ విచారణకు పిలవబోతోంది. నేనే వద్దన్నానని నా సంతకంతో ఇంకో కాగితం వాళ్ళ చేతికి ఎందుకివ్వాలి అంది. ఆమె చెప్పినది నిజమే. అందులో ప్రమాదం ఉంది. అది నాకు తెలుసు.

"ఈ అర్జీ నేను వెయ్యను హోజామ్."

"నిన్ను వెయ్యమని అడగడం లేదు. టర్కీ భాషలో క్రియలు దిద్దిపెట్టమని అడుగుతున్నాను."

ఆమె కళ్ళజోడు పెట్టుకుని, కలం తీసుకుని, నా కాగితం తన వైపు జరుపుకుంది. నాలుగు క్రియలు దిద్దింది. అయిదోది సరిగ్గానే ఉందంది.

అర్జీలో రెండే అంశాలు. ఒకటి, దుబాసీ యాషార్ నా మాటను ఉన్నది ఉన్నట్టుగా చెప్పాడు, అతని మీద మా పిటిషన్‌లో రాసినది అబద్ధం, ఆ అబద్ధం నాది. రెండు, ఆజర్ 22న ఈ కోర్టువారు నన్ను సూటిగా అడిగినప్పుడు, నాకు రక్షణ కావాలని, నన్ను పంపవద్దని నేను చెప్పాను. డెబ్భై ఒక్క ఏళ్ళలో నేను నోరు తెరిచి ఒకరిని అడిగినది అదొక్కటే. దాన్ని రాసుకోవలసిందిగా కోరుతున్నాను.

'దయచేసి' అనే మాటను రాసి, చూసి, కొట్టేశాను. కోర్టు తలుపులు తొమ్మిదికి తెరుస్తారు. రేపు నేనే ఇచ్చి వస్తాను.